ఖాళీ తూకం

దామలచెరువు కాటా దగ్గర
రాత్రి పదకొండున్నరకు
నలభై ఏడో లారీ. ఖాళీది.
పల్పు ఫ్యాక్టరీకి తోతాపురి ఎత్తుకోను వచ్చింది.
డ్రైవరు పేరు చెప్పమంటే
కిటికీలోంచి చెప్పినావు:
"హేమాద్రి."
తల ఎత్తలేదు నేను.
ఇంటిపేరు కూడా రాయాలన్నా,
నాకు తెలీనట్టు.

"ఏం మే రాణీ, కాటా ఇప్పుడు నీదేనా?"
ముప్పై ఏండ్లయింది ఆ "మే" విని.
బడి రిజిస్టర్లో ఢిల్లీరాణి అని రాయించకముందే
నాకు ఆ పిలుపు ఉండింది.

నీకు గుర్తుందో లేదో.
అప్పట్లో ఇక్కడ ముల్లు కాటా,
చీటీలు రాసేది మా నాయన.
బడికి పోతా పోతా ఇనప పలక ఎక్కేవాళ్ళం.
నేనొక్కదాన్నే ఎక్కితే ముల్లు కదిలేది కాదు.
నువ్వొక్కడివే ఎక్కినా అంతే,
పిచ్చుక వాలినట్టు లెక్క.
ఇద్దరం, రెండు పుస్తకాల సంచులు,
నీ నిక్కరు జేబుల్లో దొంగ చింతకాయలు,
అప్పుడు మాత్రం
ముల్లు ఒక్క గీత వణికేది.
"చూడు మే, మనం ఉండాం" అనేవాడివి.

పదో తరగతి లెక్కల పరీక్ష రోజు
నా ముందు బెంచీ ఖాళీ.
పాకాల జంక్షన్లో కాట్పాడి ప్యాసింజరు
ఎక్కినావని సాయంత్రం ఎవురో చెప్పినారు.
ఆ రోజు నేను చేసిన లెక్కలన్నీ తప్పులే,
ఒకటి ఇప్పటికీ చేస్తా ఉండా.

గుడియాత్తంలో ఆరేండ్లు కాపురం.
ఒక ట్రంకు పెట్టెతో పోయి
అదే పెట్టెతో తిరిగొచ్చినా.
నీ భార్య సంగతీ విన్నా, పోయినేడు జ్వరాల్లో అని.
పలకరించను రావాలనుకున్నా.
ఏమవుతానని రావాలి?

ఆ రాత్రి నువ్వు బండి దిగలేదు.
తూకం వేసేటప్పుడు డ్రైవరు దిగాలి, రూలు.
"దిగు" అన్నా మైకులో.
"ఎందుకు, నేనేం బరువని?"
నువ్వు నవ్వలేదు.
నేను నవ్వినా, మైకు ఆపడం మరిచిపోయి,
మండీ మొత్తానికి వినపడేట్టు.
హమాలీ గురవప్ప ఇంకా ఎగతాళి చేస్తానే ఉండాడు.

సీజనంతా వచ్చినావు.
ఖాళీ తూకం, లోడు తూకం,
రెండింటి మధ్యన మూడు గంటలు.
ఏం మాట్లాడినామంటే చెప్పలేను.
డీజిలు రేటు. నీ కూతురి పాలిటెక్నిక్ సీటు. నా షుగరు.
ఒకనాడు పచ్చికాయ కోసి, ఉప్పూకారం అద్ది
టెంక వైపు ముక్క నాకు పెట్టినావు,
అడక్కుండానే.
అప్పుడు వచ్చింది కోపం.
ఇన్నేండ్లు యాడ దాచిపెట్టినావురా ఈ గుర్తును
అని అరిచినా.
నువ్వు కత్తి తుడుచుకుంటా చెప్పినావు:
"పరీక్ష ఫీజు నాయన తాగేసినాడు మే.
హాల్ టికెట్టు రాలేదు.
నీకు చెప్పేదానికి సిగ్గయింది."

అంతే.
ముప్పై ఐదు రూపాయలు.
ఆ రోజు నా మట్టి హుండీలో
యాభై రెండు ఉండె.

ఆఖరి లోడు మొన్న పోయింది.
మండీలో మిగిలింది
ఎండుగడ్డి, ఈగలు, పులిసిన వాసన.
లైట్లు ఆర్పబోతా ఉంటే
లారీ లేకుండా నడిచి వచ్చినావు.
"ఒకసారి ఎక్కుదాం మే."
నలభై ఆరేండ్లదాన్ని,
కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఎక్కినా.
చూస్తే చూడనీ గురవప్ప.

ఇప్పుడు ముల్లు లేదు,
రేకుల షెడ్డు మీద ఎర్ర అంకెలు.
పది కేజీల్లోపు దేన్నీ లెక్కలోకి తీసుకోదు మిషను.
నూట నలభై అని చూపించింది.
కాసేపటికి నూట ముప్పై.
మళ్ళా నూట నలభై.
"కుదురుగా నిలబడు" అన్నా.
"నువ్వు నిలబడు" అన్నావు.

చీటీ కొట్టమన్నావు.
బండి నంబరు దగ్గర ఏం రాయాలో తోచక
వదిలేసినా.
కాటా ఫీజు మాత్రం చేతిలో పెట్టించుకున్నా,
అరవై రూపాయలు.
డబ్బుల మాట దాచిపెట్టేది
మనకు ఇంక వద్దు.